రెండు వాయిదాల రూలు గట్టిగా అమలు చేస్తే కేసులు తెములుతాయా?

పొలంగట్టు:
2019లో గట్టు తగాదాలో మా నాన్న చెయ్యి విరగ్గొట్టారు. ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 325, అంటే తీవ్రంగా గాయపరిచిన నేరం కింద ఎఫ్ఐఆర్ అయింది, ఛార్జిషీటు వేశారు, మేజిస్ట్రేట్ కోర్టులో సీసీ నంబరు (కోర్టు ఇచ్చే కేసు నంబరు) పడింది. అక్కడిదాకా బాగానే నడిచింది. సాక్ష్యం దగ్గరికొచ్చి బండి ఆగిపోయింది. నాన్న ఒకటో సాక్షి. ఆరుసార్లు వెళ్తే బోనెక్కింది ఒక్కసారి. ఆరోజు కూడా చీఫ్ (మొదట ప్రభుత్వ లాయరు సాక్షిని అడిగే ప్రశ్నలు) అయ్యాక, క్రాస్‌కి (ఎదుటి పక్షం ఎదురు ప్రశ్నలకి) వాళ్ల లాయరు టైం అడిగాడు. కొత్త చట్టంలో రెండు వాయిదాలకు మించి ఇవ్వకూడదట కదా! దాన్ని ఖచ్చితంగా పాటిస్తే చాలంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

నల్లకోటు:
నేను కాదంటాను. ముందు మీ కేసు సంగతి. 2024 జులై 1 నాటికే విచారణలో ఉంది కాబట్టి అది పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) ప్రకారమే నడుస్తుంది. దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 346వ సెక్షన్ కూడా కేసు మొత్తానికి రెండే వాయిదాలనలేదు. పార్టీ చేతిలో లేని కారణం ఉంటే, ఎదుటివాళ్ల అభ్యంతరం విని, కారణం రాసి, రెండుకు మించకుండా ఇవ్వొచ్చంది. విచారణకు ఇన్నేళ్లే అని సుప్రీంకోర్టే ఒకప్పుడు గడువులు పెట్టింది. 2002లో పి. రామచంద్రరావు కేసులో ఏడుగురు జడ్జీలు అలా పెట్టడం కుదరదని తేల్చారు. ముద్దాయికి క్రాస్ చేసుకునే హక్కుంది. హడావుడిగా ముగిస్తే అప్పీల్లో అదే పాయింటవుతుంది.

రిటైర్డ్ హెడ్డు:
కోర్టు డ్యూటీ చేసిన హెడ్ కానిస్టేబుల్ని, నా మాట కూడా వినండి. సగం వాయిదాలకి లాయర్లతో పనే లేదు. సమన్లు పట్టుకెళ్తే సాక్షి ఊళ్లో ఉండడు, హైదరాబాద్‌లో కూలికెళ్లాడంటారు. పంచనామా మీద సంతకం పెట్టిన పంచు (సాక్షిగా పిలిచిన ఊరివాడు) ‘నాకేం తెలీదు’ అంటాడు. ముద్దాయి మీద ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారెంట్) ఉంటుంది, అమలు చేద్దామంటే అదే వారం జాతర బందోబస్తు. చట్టంలో రెండు అని రాసినంత మాత్రాన స్టేషన్‌లో మనుషులు పెరుగుతారా?

పొలంగట్టు:
హెడ్డుగారూ, మా నాన్న ఊళ్లోనే ఉన్నాడండీ. పొద్దున పదికల్లా కోర్టులో కూర్చున్నాడు. మరి ఆయన్ని ఎందుకు తిప్పినట్టు?

నల్లకోటు:
అక్కడ మీరు అడిగింది న్యాయమే. పాత సీఆర్‌పీసీ 309వ సెక్షన్‌లోనే ఉంది: సాక్షి హాజరైతే విచారించకుండా వాయిదా వేయకూడదు, వేస్తే ప్రత్యేక కారణాలు రాయాలి. మా లాయరు వేరే కోర్టులో ఉన్నారన్నది కారణం కాదు. ఖర్చులు కట్టమని షరతు కూడా పెట్టొచ్చు. అడిగేవాళ్లు లేక అది కాగితం మీదే ఉండిపోయింది. నేనూ అడగలేదు లెండి, రేపు నాకూ వాయిదా కావాల్సి వస్తుందని.

తిరిగి అలిసినోడు:
అందరూ బాధితుడి వైపే మాట్లాడుతున్నారు. నేను ఎదుటి వరుసలో నిలబడ్డవాణ్ణి. చివరికి కేసు కొట్టేశారు. కానీ ఆ ఏళ్లలో పాస్‌పోర్టు కోసం కోర్టు అనుమతికి తిరిగాను, చెల్లి పెళ్లి సంబంధం తప్పిపోయింది. వాయిదా ఎప్పుడూ ముద్దాయికే లాభం అనుకోకండి. నా కేసులో నేను రెడీగా ఉంటే ఏపీపీ (ప్రభుత్వం తరఫున కేసు నడిపే లాయరు) సెలవు, ఆయన వచ్చిననాడు డాక్టరు రాలేదు. రెండు వాయిదాల రూలు ప్రాసిక్యూషన్‌కీ అంతే గట్టిగా వర్తించాలి, అప్పుడు నేనూ ఒప్పుకుంటా.

పొలంగట్టు:
అది నేను ఆలోచించలేదు. కానీ మాకిప్పుడు ఊళ్లో పెద్దలు రాజీ అంటున్నారు, 325 కోర్టు అనుమతితో రాజీపడొచ్చట. నాన్నకి ఇష్టం లేదు. తిరగలేక ఒప్పుకుంటాడేమోనని నా భయం.

నల్లకోటు:
రాజీపడేది ఆయన ఇష్టమైతేనే. ఈలోపు మీరు సొంతంగా లాయరును పెట్టుకోండి, ఏపీపీ కింద సాయంగా పనిచేయొచ్చు. ఈసారి ఎదుటివాళ్లు టైం అడిగితే ఖర్చులు కట్టించమని అక్కడికక్కడే మెమో (కోర్టుకిచ్చే చిన్న రాతపూర్వక వినతి) వేయించండి.

రిటైర్డ్ హెడ్డు:
బట్టా కూడా అడగండి, అంటే సాక్షి ప్రయాణ ఖర్చు. అది కోర్టు ఇవ్వొచ్చు. ఆరుసార్లలో ఒక్కసారైనా అడిగారా?

పొలంగట్టు:
అలాంటిది ఉందని ఇవాళే తెలిసింది. వచ్చే నెల 14న వాయిదా. బస్సు టికెట్లు దాచమని నాన్నకి చెప్పాను.