హైదరాబాద్ నుంచి రామప్ప: ఒక్కరోజులో వెళ్లి రావాలా, వద్దా?

ఉప్పల్ ఆదివారం

మార్చిలో ఒక ఆదివారం అమ్మనీ, ఇద్దరు పిల్లలనీ తీసుకుని రామప్ప వెళ్లొచ్చాం. ఆరున్నరకు ఉప్పల్ దాటాం. దారిలోనే కదా అని యాదగిరిగుట్టలో ఆగి దర్శనం చేసుకున్నాం. రామప్పలో దిగేసరికి ఒంటిగంట. చెప్పులు బయటే విడవాలి, బండలేమో కాలిపోతున్నాయి. అమ్మ నాలుగడుగులు వేసి ఇక నా వల్ల కాదని చెట్టు నీడన కూర్చుండిపోయింది. చిన్నవాడు నిద్రలో ఉన్నాడు, పెద్దది ఆకలంటుంది. ముప్పావుగంటలో గుడి చూశాం అనిపించుకున్నాం. తిరుగుదారిలో వెయ్యి స్తంభాల గుడి, చీకటి పడే వేళకి వరంగల్ కోట. ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. లెక్క వేస్తే పది గంటలు కారులోనే గడిచాయి.

రెండు వారాలాగి కొలనుపాక వెళ్లాం. ఏడింటికి బయల్దేరితే తొమ్మిదింటికల్లా అక్కడున్నాం. జైన మందిరంలో మాణిక్యదేవుడిగా కొలిచే ఆదినాథుడిని, మహావీరుడిని చూసుకుని, సోమేశ్వరాలయానికి వెళ్లాం. ఊళ్లో, పొలాల్లో దొరికిన చాళుక్యుల నాటి శిల్పాలెన్నో ఆ గుడి ఆవరణలోనే ఉంచారు. అమ్మ ఒక్కో విగ్రహం దగ్గరా ఆగి, ఇది ఎవరు, అది ఎవరు అని అడుగుతూ తిరిగింది. మూడింటికి ఇంట్లో ఉన్నాం. ఆ సాయంత్రమంతా అమ్మ ఆ విగ్రహాల గురించే మాట్లాడింది. రామప్ప గురించి ఒక్క మాట అనలేదు.

అందుకే అంటున్నాను, ఒక్కరోజు ప్రయాణానికి నూరు కిలోమీటర్లు దాటకూడదు. రెండు వందల పది కిలోమీటర్ల దూరంలో ఉన్న రామప్పని ‘వారాంతపు ఒక్కరోజు టూర్’ అని చెప్పడం జనాన్ని తప్పుదారి పట్టించడమే. మీరేమంటారు?

హన్మకొండ చౌరస్తా

అన్నా, అమ్మ కాళ్లు కాలినయంటే మాకూ బాధే. కానీ తప్పు రామప్పది కాదు. ఒక్కరోజుల గుట్ట, రామప్ప, వెయ్యి స్తంభాలు, కోట, నాలుగు వెట్టుకున్నవు. ఆ నాలుగిట్ల ఏ ఒక్కటి చూసినా దినం సరిపోతది.

ముప్పావుగంటల ఏం చూసినవు చెప్పు? గోడలు ఎర్ర ఇసుకరాయి, కప్పు కింద వాలుగా నిలబడ్డ ఆడ బొమ్మలు, అంటే మదనికలు, నల్లరాయి. ఆ నల్లరాయిని అద్దం లెక్క నునుపు జేసిండ్రు. ఒక మదనిక కాళ్లకు ఎత్తు మడమల పాదుకలుంటయి, ఇంకొకామె చీర కోతి లాగుతుంటది. అవి కనవడాలంటే గుడి చుట్టూ ఒకసారి గాదు, మూడుసార్లు తిరగాలె. లోపల నేల ఎగుడుదిగుడుగ కుంగి ఉంటది, అయినా గుడి నిలబడే ఉంది. పునాదిల ఇసుక నింపి కట్టిండ్రు గనుకనే భూమి కదిలినా తట్టుకున్నదంటరు. శిఖరానికి వాడిన ఇటుక నీళ్ల మీద తేలేంత తేలిక. గుడి ముందర మండపంల 1213 నాటి శాసనం ఉంది, గణపతిదేవుని సేనాపతి రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించిండని అండ్ల రాసి ఉంది. రామప్ప నృత్య శిల్పాలు జూసే నాట్యగురువు నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల నాటి పేరిణి నాట్యానికి మళ్ల ప్రాణం పోసిండు. 2021ల యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చిందంటే ఊకెనే ఇయ్యలేదు.

చెరువు కాడికి పోయినవా? పోయి ఉండవు. కాకతీయులు గుడి, చెరువు, ఊరు మూడూ కలిపి కట్టిండ్రు. ఆ చెరువు నీళ్లతోని ఇప్పటికీ పంటలు పండుతున్నయి. గుడి జూసి చెరువు జూడకుంట పోతే సగం జూసినట్టే.

ఇంకో మాట. నూరు కిలోమీటర్లని గీత గీసినవు గదా, ఆ గీత ఏడికెళ్లి గీసినవు? ఉప్పల్ నుంచి. రాష్ట్రమంటే హైదరాబాద్ ఒక్కటే కాదు. మాకు రామప్ప పొద్దుగాల తిని పోయి పగటి అన్నానికి ఇల్లు చేరే దూరం. ఏ ఊరి నుంచి అని చెప్పకుంట ఇది ఒక్కరోజుది, అది కాదు అనుడు సరికాదు.

ఆలేరు ఆడబిడ్డ

మా పక్కనున్న కొలనుపాకని మెచ్చుకున్నందుకు సంతోషం అన్నా. కానీ కిలోమీటర్ల లెక్క కారున్నవాళ్లకు. మాలాంటి వాళ్లం బస్సులెన్ని మారాలో చూసుకుంటాం.

2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. అంతకుముందు పెళ్లికో, ఆస్పత్రికో తప్ప ఊరు దాటని మా అత్తమ్మ, ఇప్పుడు మా వాడకట్టులో నలుగురిని కూడగట్టుకుని నెలకో చోటికి పోతోంది. ఆధార్ కార్డు, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా ఉంటే చాలు. ఒక్క బస్సులో పోయేదైతే ఎంత దూరమైనా పోతారు. రెండోసారి మారాలంటే ఆలోచిస్తారు. మూడోదంటే వద్దంటారు. రామప్పకి ఇక్కడే చిక్కు వస్తుంది. హన్మకొండ దాకా బస్సులకు లోటు లేదు, ఆపైన ఎదురుచూడాలి. సాయంత్రం తిరుగు బస్సు తప్పితే చీకట్లో ఆడవాళ్లం ఏం చేయాలి?

అందుకని ఉప్పల్ వైపు వాళ్లకు నేను చెప్పేది భూదాన్ పోచంపల్లి. అందరూ చీరలు కొని వచ్చేస్తారు, అది కాదు నేననేది. నేతగాళ్ల ఇంట్లో అడిగి కాసేపు కూర్చోండి. నూలుకి కట్లు కట్టి రంగులో ముంచుతారు, కట్టిన చోట రంగు అంటదు. మగ్గం మీదికి రాకముందే పూవు ఎక్కడ పడాలో దారంలోనే రాసి ఉంటుంది. ఆ కట్లకన్నా ముందు నూలుని మేకుల చుట్టూ తిప్పడాన్ని ఆసు పోయడం అంటారు, చీర చీరకీ వేల సార్లు చేయి ఆడాలి. అమ్మ భుజాల నొప్పి చూడలేక దానికి యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గారిది మా ఆలేరు దగ్గరి శారాజీపేటే. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 1951 ఏప్రిల్ 18న భూమిలేని పేదల కోసం వినోబా భావే అడగగానే వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇచ్చిందీ పోచంపల్లిలోనే. పిల్లలకు పుస్తకంలో చెప్పేకన్నా అక్కడ నిలబడి చెప్తే గుర్తుంటుంది.

పాలమూరు మాస్టారు

ఇద్దరి మాటలోనూ నిజముంది కానీ, నూరు కిలోమీటర్ల హద్దుని నేను ఒప్పుకోను. హద్దు పెట్టాల్సింది దూరానికి కాదు, చూసే చోట్ల సంఖ్యకు.

అలంపురం కూడా హైదరాబాద్‌కి రెండు వందల పైచిలుకు కిలోమీటర్లే. నేను ముప్పయ్యేళ్లు విద్యార్థులని తీసుకెళ్లాను. బెంగళూరు జాతీయ రహదారి తిన్నగా ఉంటుంది, చివర్లో కొద్ది దూరమే పక్కదారి. ఎక్కాల్సిన కొండ లేదు. తుంగభద్ర ఒడ్డున, ఒకే ఆవరణ చుట్టుపక్కల తొమ్మిది గుళ్లు. అన్నిటికీ బ్రహ్మ పేరే, లోపల ఉన్నది మాత్రం శివుడు. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించారు. ఎనిమిదింటికి ఉత్తరాది శిఖరం, తారకబ్రహ్మ ఒక్కదానికి దక్షిణాది పోకడ. ఒక్కచోటే నిలబడి రెండు సంప్రదాయాల తేడా పిల్లలకి చూపించవచ్చు. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి తెచ్చి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. నేను తీసుకెళ్లిన ప్రతి జట్టులోనూ ఎవరో ఒకరు ‘సార్, అదే రాయి అదే చోట ఎలా పెట్టారు?’ అని అడిగేవారు. ఆ ప్రశ్న కోసమైనా నాలుగు గంటలు బస్సులో కూర్చోవచ్చు.

ఉప్పల్ మిత్రమా, మీ అమ్మగారిని అక్కడికి తీసుకెళ్లండి. జోగులాంబ దర్శనమూ అవుతుంది. ఆ రోజుకి ఇంకే ఊరూ పెట్టుకోకండి.

మెదక్ మలుపు

మా మెదక్ చర్చి పేరు ఒక్కరూ ఎత్తలేదేం? నూరు కిలోమీటర్లే. కరువు రోజుల్లో ఆకలితో ఉన్న జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర కట్టించాడు. 1924 క్రిస్మస్ రోజున తెరిచారు. లోపలి రంగుటద్దాల కిటికీలు ఎండ పడితేనే వెలుగుతాయి, చీకటి పడ్డాక వెళ్తే ఏమీ కనబడదు. మధ్యాహ్నం ఎండ గురించి భయపడేవాళ్లు ఆ ఎండ కోసమే ఇక్కడికి రావచ్చు.

ఉప్పల్ ఆదివారం

నాలుగు చోట్లు పెట్టుకోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను. హన్మకొండ తమ్ముడు చెప్పిన నల్లరాయి మదనికల ఫొటోలు నా ఫోన్లో ఉన్నాయి, కానీ కళ్లతో నిలబడి చూసింది ఒక్కదాన్నే. ఉప్పల్ నుంచి గీత గీశానన్న మాట కూడా నిజమే.

అయినా ఒక్క విషయంలో వెనక్కి తగ్గను. మాస్టారు చెప్పిన అలంపురమైనా, రామప్పైనా, రానూపోనూ ఎనిమిది గంటలు పడుతుంది. నలభై ఏళ్లవాడికి అది ఫర్వాలేదు. డెబ్బై రెండేళ్ల మనిషి కాళ్లు వాచిపోతాయి. అలాంటివాళ్లు ఇంట్లో ఉంటే ఒక్కరోజులో రామప్ప వద్దు, రాత్రి హన్మకొండలో ఉండాల్సిందే. ఆ మాట ముందే చెప్పి ఉంటే అమ్మ చెట్టు కింద కూర్చోవాల్సి వచ్చేది కాదు. ఈ ఆదివారం అమ్మని పోచంపల్లి తీసుకెళ్తాను. మెదక్ ఆ తర్వాత.

హన్మకొండ చౌరస్తా

గట్లనే అను అన్నా, దానికి నేను కాదనను. ముసలోళ్లతోని వచ్చేటోళ్లు రాత్రి మా ఊళ్లె ఉండుడే మంచిది. అక్టోబర్ల రా, వానలు తగ్గుతయి, చెరువు నిండి ఉంటది. శనివారం సాయంత్రం రైల్ల కాజీపేట దిగి, తెల్లారి ఆరింటికి ఇక్కడికెళ్లి బయలెల్లితే ఎండ ముదరకముందే గుడిల ఉంటరు. అప్పుడు బండలు సల్లగుంటయి. అమ్మ చెప్పులు లేకుంట మూడుసార్లు తిరగచ్చు.