అప్‌డేట్: సైజు మారే బైనరీ రికార్డులు చదవడం కుదిరింది

ఒక్కో రికార్డు ఒక్కో సైజులో ఉండే బైనరీ ఫైల్‌ని పైథాన్‌లో ఎలా చదవాలని అడిగాను కదా, ముందు 1 బైట్ టైపు, తర్వాత 4 బైట్ల పొడవు, ఆ వెనక అన్ని బైట్ల డేటా. పని అయింది. బైట్లని నంబర్లుగా మార్చే స్ట్రక్ట్ మాడ్యూల్‌కి ఇచ్చే ఫార్మాట్‌లో (ఏ బైట్లు ఏ రకమో చెప్పే అక్షరాలు) "ఎంతుంటే అంత" అని రాసే వీలు లేదు కాబట్టి, మీలో ఒకరు చెప్పినట్టే హెడర్‌ని (టైపు, పొడవు ఉన్న మొదటి 5 బైట్లు) ఆ మాడ్యూల్‌లోని అన్‌ప్యాక్_ఫ్రమ్ ఫంక్షన్‌తో విడిగా చదివి, అందులో వచ్చిన పొడవుని బట్టి డేటాని స్లైస్ చేసి (అంత ముక్క తీసుకుని), ఆఫ్‌సెట్‌ని, అంటే తర్వాత చదవాల్సిన స్థానాన్ని, అంత మేర ముందుకు జరుపుతున్నా.

అసలు తిప్పలు పెట్టింది మాత్రం అలైన్‌మెంట్, అంటే ఒక్కో వేల్యూని మెమరీలో దాని సైజుకి తగ్గ స్థానంలో సర్దడం. ఫార్మాట్ ముందు ఏ గుర్తూ లేకపోతే పైథాన్ నేటివ్ అలైన్‌మెంట్ తీసుకుంటుంది, అంటే క్యాపిటల్ బి (1 బైట్), క్యాపిటల్ ఐ (4 బైట్లు) కలిపితే నా మెషీన్‌లో 5 బైట్లు కాదు, మధ్యలో 3 ఖాళీ బైట్ల ప్యాడింగ్‌తో 8. ముందు లెస్ దేన్ గుర్తు పెట్టగానే లిటిల్ ఎండియన్ (నంబర్‌లో చిన్న విలువ బైట్ ముందు వచ్చే క్రమం) అయింది, ప్యాడింగ్ పోయింది, 5కి దిగింది. ఫార్మాట్ ఎన్ని బైట్లో చెప్పే కాల్క్‌సైజ్‌తో చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

ఇంకోటి, ఫైల్ మధ్యలో తెగిపోయి ఉంటే స్లైస్ ఎర్రర్ ఇవ్వదు, ఉన్నంత ఇచ్చి ఊరుకుంటుంది. అందుకే లెన్‌తో వచ్చిన ముక్క పొడవు చూసి, తక్కువైతే నేనే ఎక్సెప్షన్ రైజ్ చేస్తున్నా. పెద్ద ఫైళ్లకి మెమరీవ్యూ పెట్టాను, స్లైస్ చేసిన ప్రతిసారీ కాపీ అవ్వదు. బైనరీ ఫార్మాట్లు చదవడానికి ఉన్న కన్‌స్ట్రక్ట్ లైబ్రరీ సూచించినవాళ్లకి థాంక్స్, కానీ ఇంత చిన్న ఫార్మాట్‌కి అది ఎక్కువే అనిపించింది.