సింగిల్ గ్లాస్ కిటికీలు మార్చకుండా చలి, వేడి తగ్గించుకోవడం ఎలా?

పాతకిటికీ:
మా ఇంట్లో కిటికీలన్నీ చెక్క ఫ్రేములకి ఒంటి గ్లాస్ వేసినవి. చలికాలం కిటికీ పక్కన కూర్చుంటే భుజం మీద చల్లగాలి దిగుతున్నట్టే ఉంటది, పొద్దున లేచేసరికి గ్లాస్ కింద అంచున నీళ్ళు చేరి చెక్క నల్లబడుతోంది. ఎండాకాలం సాయంత్రం ఎండ పడే గదిలో అసలు ఉండలేం. అన్నీ పీకేసి డబుల్ గ్లేజింగ్ (మధ్యలో ఖాళీతో రెండు గ్లాసులు ఉండేది) పెట్టించే స్థోమత ఇప్పట్లో లేదు, ఫ్రేములు ఇంకా గట్టిగా ఉన్నాయి కాబట్టి పీకబుద్ధి కూడా కావట్లేదు. బబుల్ రాప్ అంటించమని ఒకరు, ఫిల్మ్ అని ఒకరు, లోపల ఇంకో అద్దం పెట్టమని ఒకరు. దేనితో మొదలుపెట్టాలండి?

చెక్కపని:
గ్లాస్ సంగతి తర్వాత, ముందు సందులు చూడండి. గాలి బాగా వీచే రోజు అన్నీ మూసి, ఫ్యాన్ ఆపి, వెలిగించిన అగరబత్తి రెక్క అంచు వెంట మెల్లగా తిప్పండి (కర్టెన్ తీసేసి మరీ, అంటుకుంటది). పొగ పక్కకి తోసుకుపోయిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. తర్వాత బంకమట్టి ముద్ద ప్లాస్టిక్ కవర్లో చుట్టి అక్కడ పెట్టి రెక్క మూసి తీస్తే సందు మూయడానికి రెక్క అంచుకి అంటించే స్ట్రిప్ ఎంత మందం కావాలో తెలిసిపోతుంది, ఇది చాలామంది చేయరు, మందం ఎక్కువైతే రెక్క పడదు, తక్కువైతే వేసినా వేయనట్టే. ఫోమ్ టేప్ చవకే కానీ తొందరగా అణిగిపోతుంది, ఈపీడీఎం (ఎండకీ వానకీ తట్టుకునే ఒక రకం) రబ్బరు చాలా ఏళ్ళు ఆగుతుంది. స్లైడింగ్ రెక్కలకి ఐతే బ్రష్ లాంటి స్ట్రిప్ ఉంటుంది, అది వేయాలి. గ్లాస్ అంచున పెట్టిన పుట్టీ ఎండి రాలుతుంటే గీకేసి కొత్తది పెట్టండి, ఫ్రేముకీ గోడకీ మధ్య పగుళ్ళకి యాక్రిలిక్ సీలెంట్ (సందులు పూడ్చే పేస్ట్) చాలు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, గ్యాస్‌తో గానీ కట్టెలతో గానీ మండేది ఏదున్నా ఆ గదిలో గాలి కోసం పెట్టిన వెంటిలేటర్ మూయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తెలిసేలోపే ప్రాణం మీదకి వస్తుంది.

గాలిపొర:
పైన చెప్పింది కరెక్ట్. కానీ సందులన్నీ మూసినా ఆ భుజం మీద చల్లదనం కొంత ఉంటుంది, ఎందుకంటే అది మొత్తం బయటి గాలి కాదు, చల్లటి గ్లాస్‌కి తగిలి చల్లబడి కిందకి జారే మీ గది గాలే.

ఒంటి గ్లాస్‌లో ఒక చదరపు మీటరుకి, లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకి, సుమారు 5.8 వాట్ల వేడి పోతుంది. 4 మి.మీ. తీసి 6 మి.మీ. వేసినా 5.7 దగ్గరే ఉంటుంది కాబట్టి మందం గ్లాస్ కోసం డబ్బు పెట్టకండి. వేడిని ఆపేది గ్లాస్ కాదు, కదలకుండా నిలబడ్డ గాలి. లోపల వైపు ఇంకో పొర వేసి మధ్యలో 12 నుంచి 20 మి.మీ. ఖాళీ వదిలితే ఆ నష్టం దాదాపు సగానికి పడిపోతుంది. ఖాళీ ఇంకా పెంచితే వేడి విషయంలో కొత్తగా లాభం లేదు, బయటి చప్పుడు తగ్గాలంటే మాత్రం 100 మి.మీ. దాకా పెట్టుకోవచ్చు.

నీళ్ళ సంగతి కూడా ఇదే. గది 20 డిగ్రీలు, తేమ 50 శాతం ఉంటే దాదాపు 9 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేనిమీదైనా నీళ్ళు పడతాయి. బయట 0 ఉంటే ఒంటి గ్లాస్ లోపలి ముఖం 5 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఇక తడవక ఏమవుతుంది? రెండో పొర ఉంటే మీ వైపు ముఖం 12 దాకా వస్తుంది.

నీలిమేఘం:
ఆ రెండో పొర నేను రెండు రకాలుగా వేశా. చవకది ష్రింక్ ఫిల్మ్, ఫ్రేము చుట్టూ డబుల్ సైడ్ టేప్ వేసి ఫిల్మ్ అంటించి హెయిర్ డ్రయర్ చూపిస్తే ముడతలన్నీ పోయి బిగుసుకుంటుంది, కాకపోతే సీజన్ అంతా కిటికీ తెరవలేం. పడకగదిలో నిప్పు అంటుకుంటే బయటపడే దారి అదొక్కటే ఐతే అక్కడ వేయకండి. రెండోది అంచుకి మాగ్నెట్ పట్టీ వేసిన యాక్రిలిక్ (గ్లాస్ లాంటి గట్టి ప్లాస్టిక్) షీట్, కావాల్సినప్పుడు ఊడదీయొచ్చు, నాకు ఇదే నచ్చింది. యాక్రిలిక్ వేడికి బాగా సాగుతుంది, మీటరు పొడవు షీట్ 20 డిగ్రీల తేడాకి 1.4 మి.మీ. దాకా పెరుగుతుంది, అందుకని కొంచెం చిన్నగా కోయించండి. అమ్మోనియా ఉన్న క్లీనర్ తగిలితే పాడవుతుంది, సబ్బు నీళ్ళు మెత్తటి గుడ్డ చాలు.

బబుల్ రాప్ పనిచేస్తుంది, గ్లాస్ మీద నీళ్ళు చల్లి బుడగల వైపు అంటిస్తే చాలు, కానీ బయటేం కనపడదు కాబట్టి స్టోర్ రూమ్ లాంటి చోట్లకే.

పాతకిటికీ:
చాలా థాంక్స్ అందరికీ. మరి ఎండ సంగతి? యాక్రిలిక్‌తో అది కూడా తగ్గుతుందా?

గాలిపొర:
పెద్దగా తగ్గదండి. మామూలు గ్లాస్ గుండా ఎండ వేడి 80 శాతం పైనే లోపలికి వచ్చేస్తుంది, లోపల కర్టెన్ వేస్తే అప్పటికే వచ్చిన వేడిని ఆపుతున్నట్టు. గ్లాస్‌కి బయటే ఆపాలి, మడిచే పందిరి గానీ వెదురు తెర గానీ ఏదైనా సరే. బయట కుదరకపోతేనే సన్ ఫిల్మ్ (గ్లాస్ మీద అంటించే, ఎండని ఆపే పొర), అది చలికాలం ఎండని కూడా ఆపుతుంది. ముదురు ఫిల్మ్ వేస్తే గ్లాసే వేడెక్కుతుంది, వైరు మెష్ ఉన్న గ్లాస్ గానీ అంచు చిట్లిన గ్లాస్ గానీ ఐతే పగలొచ్చు, అమ్మేవాళ్ళకి మీ గ్లాస్ రకం చెప్పి అడగండి.

చెక్కపని:
చెక్క నల్లబడిందన్నారు కదా, తడి మీద షీట్ బిగిస్తే ఆ తేమంతా మధ్యలోనే ఉండిపోతుంది. బూజు తుడిచి, బాగా ఆరనిచ్చి, పెయింట్ వేశాకే లోపలి పొర పెట్టండి. లోపలి పొరకి సీల్ పూర్తిగా బిగుతుగా ఉండాలి, బయటి రెక్కకి కొంచెం గాలి ఆడినా పర్లేదు, ఉల్టా ఐతే రెండింటి మధ్యా తేమ చేరి గ్లాస్ మసకబారుతుంది.