“కాలి వ్రేళ్ళపై”: వ్రేళ్ళా, వేళ్ళా?

సన్నజాజి: పొద్దున్నుంచి ఒక పాదం వదలడం లేదు. కరుణశ్రీ గారి పుష్పవిలాపంలో పూలు తమ బతుకు గురించి చెప్పుకునే ఉత్పలమాల చివర “హాయిగ కన్నుమూసెదము ఆయమ చల్లని కాలి వ్రేళ్ళపై” అని ఉంది కదా. అది వ్రేళ్ళా, వేళ్ళా? నేను చదివి నేర్చుకోలేదు, ఘంటసాల పాడుతుంటే విని నోటికొచ్చింది. వేళ్ళయితే తీగ మొదట్లో వేర్ల మీద రాలినట్టు, వ్రేళ్ళయితే అమ్మ కాళ్ళ దగ్గర నిద్రపోయినట్టు. నాకు రెండోదే కావాలనిపిస్తోంది, కానీ కావాలనుకుంటే సరిపోదుగా.

యతిమైత్రి: వేళ్ళే. అక్కడ ‘లి’ లఘువుగా ఉండాలి. పక్కన ‘వ్రే’ వస్తే అది గురువై గణం చెడుతుంది.

తెనాలి తమ్ముడు: చెడదన్నా. పక్కది వ్రాయు, క్రొత్త లాంటి అచ్చ తెలుగు మాట, ఆ రేఫ, అంటే ర వత్తు, తేలిపోతుంది, ముందు అక్షరం బరువెక్కదు. ఛందస్సుకు రెండూ సరిపోతాయి, కాబట్టి గణాలతో ఇది తేలదు.

పాత పంతులు: వ్యాకరణంతో తేలుతుంది. గోరు–గోళ్ళు లాగా వేరు–వేళ్ళు. కాలు–కాళ్ళు లాగా వ్రేలు–వ్రేళ్ళు. వేరుకు బహువచనం వ్రేళ్ళు కాదు. రేఫ ఉందంటే కాలివేళ్ళే.

సన్నజాజి: మరి తీగకు కాళ్ళెక్కడివి మాస్టారూ?

పాత పంతులు: పద్యంలో తీవతల్లి, అంటే తీగతల్లి, అన్నాక కాళ్ళుండవా అమ్మా! పద్యం రెండో పాదంలో కరమ్ములు కూడా ఇచ్చాడు, ఆ చేతుల్లోనే పూలు ఊగుతాయి. చేతులంటే కొమ్మలు, కాలివ్రేళ్ళంటే వేర్లు. ఇవాళ మన నోట్లో రెండూ ‘వేళ్ళు’ అయిపోయాయి కాబట్టి ఆ శ్లేష మరీ బాగా పలుకుతోంది.

యతిమైత్రి: శ్లేష కావాలంటే వేళ్ళు అనే ఉండాలి కదా. రేఫ పెడితే ఒక అర్థమే మిగులుతుంది. నేను ఒప్పుకోను.

పగడమల్లె: మీరు రేఫ దగ్గరే ఆగిపోయారు, నాకు ‘హాయిగ’ ముఖ్యం. ఆయువు, తీయత, నూయల, హాయిగ అని య ప్రాస కోసం వచ్చిన మాటలా కనిపిస్తుంది గానీ పద్యం ప్రాణం అక్కడే ఉంది. పద్యం మొదలే “ఆయువు గల్గు నాల్గు గడియల్”. గడియంటే 24 నిమిషాలు, నాలుగు గడియలంటే గంటన్నర దాటి కాస్త. అంత చిన్న ఆయువులో పూలు చేసేవి అమ్మకు అందం తేవడం, ఊగడం, మురవడం, ఆపైన రాలిపోవడం, అంతే. మా పెరట్లో పారిజాతం రాత్రి పూసి తెల్లారేసరికి రాలుతుంది. ఎర్రటి తొడిమలు పైకి పెట్టి తడి మట్టి మీద పడి ఉంటాయి, ఒక్కటీ నలిగి ఉండదు. మామూలుగా కింద పడ్డ పువ్వు పూజకు పెట్టం, దీన్ని మాత్రం నేల మీంచే ఏరుకుంటాం. అమ్మ కాళ్ళ దగ్గర పడుకున్న పిల్లల్ని లేపుతున్నట్టు మెల్లగా ఏరతాను. ఈ పద్యం నాకు అక్కడ అర్థమైంది.

తెనాలి తమ్ముడు: అక్కా, నాలుగు గడియలంటే లెక్క కాదు, నాలుగు మాటలు, నాలుగు మెతుకులు అన్నట్టే.

పాత పంతులు: హాయి మాట వచ్చింది కాబట్టి, పోతన ప్రహ్లాదుడి చేత “మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు వోవునే మదనములకు” అనిపించాడు కదా, ఆ ‘దేలు’ చూడండి. తాగే తుమ్మెద అనలేదు, తేలే తుమ్మెద అన్నాడు. అక్కడ ఆనందం తుమ్మెదది. పువ్వు వైపు నిలబడి దాని సంతోషం చెప్పింది కరుణశ్రీ.

యతిమైత్రి: ‘మదనములు’ అంటే ఉమ్మెత్త పూలేనా అన్నది ముందు తేల్చాలి.

పాత పంతులు: అది వేరే రోజు చూద్దాం, ఈ రోజుకు మందారం చాలు.

సన్నజాజి: నా వ్రేళ్ళ సంగతి తేలకుండానే ఇంకో అనుమానం పట్టుకుంది. అదే పద్యంలో “తీవతల్లి జాతీయత దిద్ది తీర్తుము” అని ఉంది. జాతీయత అంటే ఇక్కడ దేశానికి సంబంధించింది కాదుగా? జాతి ముత్యం అంటాం చూడండి, ఆ జాతా? లేక సంస్కృతంలో జాజిని జాతి అంటారు, అదా?