నాలుగు జీడి బస్తాలు, మా నాన్న, ఒకే బండి: అలాంటిది ఎవరూ చెయ్యరా?

సోంపేట జీడితోట:

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. రెండు నెలలుగా షోరూముల చుట్టూ తిరిగి బుర్ర వేడెక్కిపోయింది, అందుకే అడుగుతున్నాను.

మాది సోంపేట దగ్గర పల్లె. మూడెకరాల జీడితోట, గట్ల మీద కొబ్బరి. 2013లో కొన్న చిన్న హ్యాచ్‌బ్యాక్ ఉంది. సీజన్లో జీడి పిక్కలు దాంట్లోనే పలాస తీసుకెళ్తాను. బస్తా 80 కేజీలు. వెనక సీటు మడిచి రెండు బస్తాలు వేస్తే బండి వెనక్కి చతికిలబడుతుంది. తోట బాట లోంచి తారు రోడ్డు ఎక్కే చోట సైలెన్సర్ బర్రుమని గీసుకుంటుంది. ఆ చప్పుడు వినగానే మా ఆవిడ, ఎక్కడున్నా సరే, "ఎనిమిది వందలు" అంటుంది. మెకానిక్ తీసుకునేది అంతే మరి.

రెండోది నాన్న. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస తీసుకెళ్లాలి, రానూపోనూ 70 కిలోమీటర్లు. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బులు ఎక్కువ, ఇక్కడివాళ్లకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. వెళ్లేటప్పుడు ఎలాగో ఎక్కేస్తాడు. వచ్చేటప్పుడే కష్టం. తలుపు పట్టుకుని వెనక్కి తిరిగి, ఒక చెయ్యి సీటు మీద ఆనించి, చివరి నాలుగంగుళాలూ ఇక ఆగలేక దబ్బున కూలబడతాడు. దిగేటప్పుడు రెండు చేతులూ పట్టుకుని నేను లాగాలి. మొన్న టేపు పెట్టి కొలిచాను. ఇంట్లో ఆయన మంచం కింద ఇటుకలు పెట్టి లేపాం, అది 23 అంగుళాలు. మా కారు సీటు 18.

షోరూముకి వెళ్తే క్రాస్ఓవర్ అని, చిన్న కారునే కాస్త ఎత్తు లేపినట్టుండేది ఒకటి చూపిస్తారు. పక్క షోరూములో ఇంకోటి. స్టిక్కర్ తీసేస్తే ఏది ఏదో నేను చెప్పలేను. వెనక తొట్టి ఉన్న పికప్ కావాలంటే ఇరవై లక్షలు దాటినది చూపిస్తారు, దాని మీద బస్తా వెయ్యాలంటే మనసొప్పదు. ఇంకొకాయన కరెంటు కారు తీసుకోండి అన్నాడు. ఆన్ రోడ్ పదకొండు లక్షల లోపు, నాలుగు బస్తాలు మొయ్యాలి, నాన్న సుఖంగా ఎక్కాలి. ఇన్ని రకాలు తయారుచేసేవాళ్లకి నాలాంటివాడు ఒక్కడూ కనబడలేదా?

మాజీ షోరూమ్, విజయనగరం:

తొమ్మిదేళ్లు కార్లు అమ్మాను. ఇప్పుడు మానేశాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పినా నా ఉద్యోగం పోదు.

మీరు కనబడక కాదు తమ్ముడూ. కంపెనీ వాళ్లు రోడ్డు కంటే ముందు టేపు చూస్తారు. మీలాగే. 2006 బడ్జెట్‌లో చిన్న కారు అంటే ఇదీ అని గీత గీశారు. పొడవు నాలుగు మీటర్లకు మించకూడదు, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటకూడదు. అలాంటివాటికి ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16కి దించారు. అప్పట్నుంచీ మన కార్లు ఆ గీతకి ముక్కు ఆనించుకునే పుడుతున్నాయి. మొదటి స్విఫ్ట్ డిజైర్ 4,160 మిల్లీమీటర్లు. 2012లో వచ్చిన రెండోది 3,995. పోయిన ఆరంగుళాలూ డిక్కీ లోంచే పోయాయి. కస్టమర్లు డిక్కీ తెరిచి "ఏటిది, సగం కోసేశారా" అనేవారు. ధర చెప్పగానే మూసేసి టెస్ట్ డ్రైవ్ అడిగేవారు.

తర్వాత జనానికి ఎస్‌యూవీ మోజు పట్టుకుంది. 2012లో డస్టర్ వచ్చింది, అది 4.3 మీటర్లు. మరుసటేడాది ఫోర్డ్ ఎకోస్పోర్ట్ దింపింది, పొడవు 3,999. ఒక్క మిల్లీమీటరు మిగిల్చారు! మాకు ట్రైనింగ్‌లో ఈ అంకె చెబితే అందరం నవ్వాం. 2016లో బ్రెజా, 2017లో నెక్సాన్, 2019లో వెన్యూ, 2020లో సోనెట్, అన్నీ ఆ నాలుగు మీటర్ల గదిలోకే దూరాయి. మీకు అన్నీ ఒకేలా కనబడడంలో మీ కళ్ల దోషం లేదు. గది ఒకటే అయినప్పుడు మంచాలు వేరే ఆకారంలో ఎలా వస్తాయి?

ఎత్తుకీ ఒక గీత ఉంది. 2013 బడ్జెట్‌లో ఎస్‌యూవీల మీద సుంకం 27 నుంచి 30 శాతం చేశారు. అందులో ఒక షరతు, నేలకీ బండి పొట్టకీ మధ్య 170 మిల్లీమీటర్ల పైన ఖాళీ ఉండడం. మహీంద్రా వాళ్లు ఎక్స్‌యూవీ 500ని దానికంటే కిందికి దించారు. గుంతల రోడ్ల దేశంలో పన్ను కోసం బండి పొట్ట కిందికి దించారంటే ఇక చూసుకోండి.

ఇప్పుడు మీరు చూసిన క్రాస్ఓవర్ల సంగతి. ఫ్రాంక్స్ అంటే బలేనో పునాది మీద కట్టినదే. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం రెండింటికీ 2,520 మిల్లీమీటర్లే. కొంచెం పైకి లేపి, ముఖం మార్చి, చక్రాల చుట్టూ నల్ల ప్లాస్టిక్ తొడిగారు. ఎక్స్‌టర్ కూడా ఐ10 నియోస్ చుట్టమే. కొత్త పునాది వెయ్యాలంటే వేల కోట్లు, ఉన్న పునాది మీద కొత్త ముఖం పెట్టడం చవక. ఆ చవకతోనే ఖాళీలు నింపుతారు. మోసం అనను, ఎందుకంటే కొనేవాళ్లలో సగంమంది మీ నాన్నగారి లాంటి మోకాళ్ల కోసమే కొంటారు. బయటికి మాత్రం "రోడ్ ప్రెజెన్స్" అంటారు.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారాక గీత ఇంకా లోతుగా పడింది. చిన్న కార్లకు 18 శాతం, మిగతావాటికి 40. బ్రెజా నాలుగు మీటర్ల లోపే ఉన్నా పెట్రోలు ఇంజను 1.5 లీటర్లు కావడంతో 40లో పడింది. 1.2 లీటర్ ఫ్రాంక్స్ 18లో ఉంది. రెండూ మారుతివే, ఇంచుమించు ఒకే పొడవు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: బండి ఎత్తుగా ఉందని ఎక్కువ మోస్తుందనుకోకండి. ఈ సైజు క్రాస్ఓవర్ మనుషులూ సామానూ కలిపి నాలుగు వందల కేజీలకు అటూ ఇటుగా మోస్తుంది. మీ నాలుగు బస్తాలే 320. మీరూ నాన్నగారూ కూర్చుంటే అయిపోయింది.

సాలూరు స్టీరింగ్:

మాది లారీల ఊరు. ఇప్పుడు మన్యం జిల్లా అన్నారు గానీ, మేం ఇంకా విజయనగరం జిల్లా అనే నోరు జారతాం.

ఏటి బావూ, నువ్వు అడిగిన బండి లేదని ఎవరన్నారు? బొలెరో క్యాంపర్. ముందు రెండు వరుసల్లో ఐదుగురు, వెనక తొట్టి, వెయ్యి కేజీల మోత, 2.5 లీటర్ డీజిల్. వెనక కమాన్ కట్టలు, అంటే బరువు మోసే ఇనప పట్టీల స్ప్రింగులు, కింద చాసీ, అంటే బండినంతా మోసే ఇనప చట్రం. నువ్వు చూసిన క్రాస్ఓవర్లకి చాసీ ఉండదు, ఒళ్లంతా ఒకటే డబ్బా. మెత్తగా పోతాయి, మొయ్యలేవు. క్యాంపర్ కరెంటు డిపార్ట్‌మెంటు లైన్‌మెన్ల దగ్గర నువ్వు చూసే ఉంటావు, నిచ్చెన కట్టుకుని తిరుగుతుంటుంది. ధర నీ బడ్జెట్ దగ్గర్లోనే.

మరి షోరూములో ఎందుకు చూపించలేదంటే, అది అమ్మేది వేరే కౌంటరు. పసుపు బోర్డు బండి, అంటే రవాణా బండి కింద లెక్క. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ పరీక్ష), ఆ తర్వాత ఏటా. లైసెన్సు టెన్షన్ మాత్రం లేదు. 7,500 కేజీల లోపు రవాణా బండికి మామూలు కారు లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు మళ్లీ తేల్చేసింది.

మా నాన్న టాటా 207 నడిపాడు. సరుకూ అందులోనే, పెళ్లికీ అందులోనే. టాటా వాళ్లు ఆ పికప్ మీదే సియెరా కట్టి 1991లో డబ్బున్నవాళ్లకి అమ్మారని తెలుసా? అప్పుడు పికప్‌ని కారు చేశారు. ఇప్పుడు కారుని పికప్‌లా కనబడేట్టు చేస్తున్నారు.

చీపురుపల్లి మాస్టారు:

కరెంటు కారు మాట వచ్చింది కాబట్టి నేను. విజయనగరంలో ఇల్లు, చీపురుపల్లి వైపు బడి. రోజూ రానూపోనూ 60 కిలోమీటర్లు. 2022లో నెక్సాన్ ఈవీ కొన్నాను, 30.2 యూనిట్ల బ్యాటరీ. ఒక్క ఛార్జికి కాగితం మీద 312 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని తిరిగితే రెండు వందలు అనుకోండి. రాత్రి ఇంట్లో పదిహేను ఆంపియర్ల ప్లగ్గుకి పెట్టి పడుకుంటాను.

జీడితోట గారికి లెక్క వేస్తాను, పాఠం చెప్పే అలవాటు పోదు కదా. మీకు నెలకు 600 కిలోమీటర్లు. పెట్రోలు కారైతే 40 లీటర్లు, నాలుగు వేల పైచిలుకు. ఈవీ అయితే 90 యూనిట్లు, ఏడెనిమిది వందలు. ఏడాదికి నలభై వేలు మిగిలిందనుకున్నా, మొదట్లో మూడు లక్షలు ఎక్కువ పెట్టి కొంటే అది రాబట్టుకోవడానికే ఏడున్నరేళ్లు. నాకు నెలకు 1,500 కిలోమీటర్లు కాబట్టి మూడేళ్లలో తేలింది. పైగా మీకు ఎప్పుడైనా నాన్నగారిని విశాఖ తీసుకెళ్లాల్సి వస్తే ఒకవైపే రెండు వందలు దాటుతుంది. హైవే మీద ఒక ఛార్జర్ దగ్గరికి వెళ్తే తెర మీద ఎర్ర అక్షరాలు తప్ప కరెంటు రాలేదు, ఇంకోదాని కోసం ముప్పై కిలోమీటర్లు ఏసీ ఆపేసి వెళ్లాను. ఆ రోజు పక్కన పేషెంటు లేరు కాబట్టి సరిపోయింది. తిత్లీ లాంటి తుపాను వస్తే మీ ఊళ్లో ఎన్నాళ్లు కరెంటు లేదో మీకే తెలుసు.

మాజీ షోరూమ్ గారి టేపు మాటకి ఒకటి కలుపుతాను. ఈవీ మీద జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే, పొడవు ఎంతైనా సరే. అంటే ఇక్కడ టేపు లేదు. అందుకే మొదట్నుంచీ ఈవీగానే పుట్టిన మహీంద్రా బీఈ 6 నాలుగు మీటర్లు దాటి దర్జాగా 4.3 మీటర్ల పైన ఉంది. ఇటు చూస్తే ఎంజీ కామెట్ మూడు మీటర్లు కూడా లేదు. గీత లేని చోట రెండు వైపులా సాగాయి.

సోంపేట జీడితోట:

అందరికీ దండాలు. మాస్టారి లెక్క మా ఆవిడకి చదివి వినిపించాను, కరెంటు కారు గొడవ ఇంట్లో అక్కడితో ఆగింది.

సాలూరు అన్నా, క్యాంపర్ మాట నిజంగా నాకు తట్టలేదు. రేపు శ్రీకాకుళం వెళ్లి చూస్తాను. టేపు పట్టుకెళ్తాను.

మాజీ షోరూమ్, విజయనగరం:

చూడండి, కానీ ఎక్కే ముందు ఒక్క ప్రశ్న. ఏడాదికి ఎన్ని బస్తాలు?

సోంపేట జీడితోట:

మాదీ మా బావదీ కలిపి ముప్పై. రేటు చూసుకుని వారం వారం కొంచెం కొంచెం అమ్ముతాం. కొబ్బరికాయలు వ్యాపారి తోటకే వచ్చి పట్టుకెళ్తాడు.

మాజీ షోరూమ్, విజయనగరం:

ముప్పై బస్తాలంటే రెండు టన్నుల నాలుగు వందల కేజీలు. మీ ఊళ్లో టాటా ఏస్, అదే చిన్న సరుకు బండి, ఉన్నవాడు పలాసకి ఎంత అడుగుతాడు? వెయ్యి అనుకుందాం. ఎనిమిది ట్రిప్పులు వేసినా ఎనిమిది వేలు. ఏడాదిలో ఎనిమిది రోజుల కోసం మిగతా రోజులన్నీ నాన్నగారిని కమాన్ కట్టల మీద కూర్చోబెడతారా?

అప్పుడు మీరడిగిన ప్రశ్నకి సగం జవాబు చెప్పాను, మిగతా సగం ఇది. 2005లో ఏస్ వచ్చాక ప్రతి ఊళ్లో ఒకడు కొనుక్కుని కిరాయికి తిప్పుతున్నాడు. ఇంటి పికప్ అనే ఖాళీ షోరూములో కనబడుతుంది గానీ ఊళ్లో కనబడదు. అమెరికాలో రైతు ఇంటికి పికప్ ఉంటుందంటే అక్కడ కిరాయికి ఏస్ పిలిచే అలవాటు లేదు. అక్కడా పన్ను గోలే ఉంది లెండి. బయటి దేశాల పికప్‌ల మీద 1964 నుంచి 25 శాతం సుంకం. అది తప్పించుకోవడానికి జపాన్ కంపెనీ సుబారు వాళ్లు తొట్టిలో రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, ఇది పికప్ కాదు కారేనని దింపారు. మన ఎకోస్పోర్ట్ మిల్లీమీటరు దాని ముందు ఏపాటి!

సాలూరు స్టీరింగ్:

కిరాయి ఏస్ వాడు సీజన్లో పిలిస్తే పలుకుతాడా అన్నది అసలు ప్రశ్న. అయినా సరే, అన్న చెప్పింది తీసెయ్యలేను.

సోంపేట జీడితోట:

ఆలస్యమైంది, క్షమించాలి. మధ్యలో నాన్నకి రెండు రోజులు బాగోలేదు.

క్యాంపర్ చూశాం. బండి నాకు తెగ నచ్చింది, తొట్టి తలుపు వేస్తే వచ్చే ఆ చప్పుడే వేరు. సీటు 31 అంగుళాలు. నాన్న మెట్టు మీద కాలు పెట్టి, పైన పిడి పట్టుకుని, ఒక నిమిషం అలాగే నిలబడి కాలు దించేశాడు. ఏమీ అనలేదు. పక్కన సేల్స్ కుర్రాడు చెయ్యి అందించబోతే వద్దన్నాడు.

అక్కడి నుంచి క్రాస్ఓవర్ షోరూముకి. 24 అంగుళాలు. తలుపు తీశాను, ఆయన వెనక్కి తిరిగి, మంచం మీద కూర్చున్నట్టు కూర్చుని, రెండు కాళ్లూ లోపలికి తిప్పుకున్నాడు. సీటుకి చెయ్యి ఆనించలేదు. "ఏసీ వెయ్యమనరా" అన్నాడు.

1.2 పెట్రోలు, మామూలు గేర్లు, బుక్ చేసేశాను. సీఎన్‌జీ వద్దన్నాను, డిక్కీ మొత్తం సిలిండరే తినేస్తోంది. ఒకటో రెండో బస్తాలు పట్టే చోటైనా ఉండాలి కదా. ఏస్ వాడితో మాట్లాడాను, పదకొండు వందలు అన్నాడు, మా బావ మధ్యలో దూరి వెయ్యికి తెచ్చాడు. సీజన్లో పలుకుతాడో లేదో ఏప్రిల్‌లో చూడాలి.

పాత హ్యాచ్‌బ్యాక్ అమ్మేస్తున్నాను. కావలసినవాళ్లు మెసేజ్ పెట్టండి. సైలెన్సర్ కొత్తదే.