పాత బుల్లెట్ వేడెక్కాక మిస్ కొట్టి ఆగిపోతోంది, ఘాట్ ఎక్కేటప్పుడు మరీ ఎక్కువ

సాలూరు_రోడ్డు:

అందరికీ నమస్కారం. బండి 1994 మోడల్ బుల్లెట్ స్టాండర్డ్ 350. కాస్ట్ ఐరన్ ఇంజను, 12 వోల్టులు. ప్లగ్గుకి స్పార్క్ ఇవ్వడానికి కరెంటును కలిపి తెంచే పాయింట్లే ఉన్నాయి, సీడీఐకి (ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కి) మార్చలేదు. కార్బరేటర్ మైక్‌కార్బ్ 24.

చల్లగా ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. రెండో కిక్కుకే అందుకుంటుంది, స్లో కూడా నిలబడుతుంది. బొబ్బిలి నుంచి రామభద్రపురం మీదుగా సాలూరు దాకా బాగానే వస్తుంది. సాలూరు దాటి పి.కోనవలస ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక థర్డ్ గేరులో ముందు చిన్నగా మిస్ కొడుతుంది, తర్వాత సైలెన్సర్లో పేలుతుంది, ఆక్సిలరేటర్ ఎంత తిప్పినా అందుకోకుండా ఆగిపోతుంది. అప్పుడు ఎన్ని కిక్కులు కొట్టినా లాభం లేదు. ఇరవై నిమిషాలు నీడలో పెడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఈ మధ్య ఎండ ఎక్కువుంటే చదును రోడ్డు మీద కూడా ఇలాగే చేస్తోంది.

ప్లగ్గు కొత్తది వేశాను. కార్బరేటర్ విప్పి కడిగించాను, ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయించాను. ఇక్కడ ఒకాయన కార్బరేటర్ మార్చమంటున్నాడు, ఇంకొకాయన బోరు (సిలిండర్ లోపలి గోడ) చేయించమంటున్నాడు. ఖర్చు పెట్టేముందు ఎక్కడ చూడాలో చెప్పండి.

నాగావళి_పాయింట్లు:

తమ్ముడూ, ముందు బోరు మాట పక్కన పెట్టండి. బోరు అరిగితే పొగ వస్తుంది, ఆయిల్ తాగుతుంది, అసలు లాగే బలమే ఉండదు. అరిగిన బోరు ఇరవై నిమిషాల్లో బాగుపడదు కదా. వేడికి వచ్చి చల్లారితే పోయే జబ్బు మూడు చోట్లే ఉంటుంది: పెట్రోల్ అందకపోవడం, ప్లగ్గుకి కరెంటు తగ్గడం, వాల్వు పూర్తిగా మూసుకోకపోవడం. ఇందులో ఏదన్నది షెడ్డులో తేలదు. బండి అక్కడికి చేరేసరికి చల్లారిపోయి ఉంటుంది, ఎవరు చూసినా అన్నీ బాగానే కనబడతాయి. ఆగిన చోటే, ఆగిన రెండు మూడు నిమిషాల్లోనే చూడాలి.

ప్లగ్గు పానా, మంచిదని తెలిసిన ఇంకో ప్లగ్గు, రెండు చివర్లా క్లిప్పులున్న మీటరు పొడవు వైరు, మందపాటి గుడ్డ, స్క్రూడ్రైవరు వెంట పెట్టుకోండి. బండి ఆగగానే గుడ్డిగా కిక్కులు కొట్టొద్దు. కొడితే సిలిండర్లోకి పెట్రోల్ చేరి ప్లగ్గు తడిసిపోతుంది, ఆ తర్వాత ప్లగ్గు చూసినా ఏమీ తెలియదు.

మొదట ట్యాంకు మూత తెరవండి. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే మూతకున్న గాలి రంధ్రం పూడిపోయినట్టే. వెంటనే ఒక కిక్కు కొట్టి చూడండి.

చప్పుడు రాకపోతే కిక్ రాడ్ మీద కాలు పెట్టి నెమ్మదిగా నొక్కండి. పొద్దున చల్లటి ఇంజను ఎంత ఎదురు తన్నేదో ఇప్పుడూ అంతే ఎదురు తన్నాలి. మెత్తగా దిగిపోతే వాల్వు, టాపెట్ల (వాల్వును తెరిచే భాగాల) సంగతి చూడాలి.

అదీ బాగుంటే ప్లగ్గు విప్పండి. పొడిగా ఉంటే పెట్రోల్ రావడం లేదు. తడిగా ఉండి పెట్రోల్ వాసన కొడితే పెట్రోల్ వస్తోంది, కాలడమే లేదు. విప్పిన ప్లగ్గును తిరిగి బిగించేసి, రెండో ప్లగ్గును క్యాపుకి తగిలించి, దాని ఒంటిని హెడ్డు రెక్కకు గట్టిగా ఆనించి కిక్కు కొట్టించండి. ప్లగ్గు కన్నం తెరిచి ఉంచి ఈ పని మాత్రం చేయకండి, లోపలి ఆవిరి అంటుకుంటుంది. నీలంగా, చిటపటమని చప్పుడు చేస్తూ కొడితే కరెంటు బాగున్నట్టు. సన్నగా, పసుపుగా, ఒకసారి కొట్టి ఒకసారి మానేస్తుంటే లోపం అక్కడే.

చివరగా డిస్ట్రిబ్యూటర్ (పాయింట్లు ఉండే డబ్బా) మూత తీసి, స్విచ్ ఆన్‌లో ఉంచి, ఎవరిచేతనైనా కిక్కు కొట్టిస్తూ పాయింట్ల మధ్య చూడండి. విడినప్పుడల్లా చిన్న చుక్కలాంటి మెరుపు ఉండటం మామూలే. వెల్డింగు మెరుపులా తెల్లగా, పెద్దగా వస్తే కండెన్సర్ (పాయింట్ల మధ్య నిప్పు రాకుండా ఆపే చిన్న భాగం) పోయినట్టు. ఎండలో సరిగ్గా కనబడదు, మీద చెయ్యి అడ్డం పెట్టి చూడండి.

వైరు దేనికంటే, బ్యాటరీ ప్లస్ నుంచి, ప్లగ్గుకి వోల్టేజీ పెంచి ఇచ్చే కాయిల్‌కి కరెంటు వచ్చే టెర్మినల్‌కి నేరుగా పెట్టి ఒకసారి స్టార్ట్ చేయాలి. అలా నడిస్తే తప్పు తాళం స్విచ్‌లోనో దాని వైర్లలోనో ఉంది. ఇలా పెట్టినప్పుడు తాళం తిప్పినా ఇంజను ఆగదు, ఆపాలంటే వైరు పీకాలి. ఆపాక వైరు అలాగే వదిలేస్తే కాయిల్ కాలిపోతుంది.

చీపురుపల్లి_350:

పైన చెప్పిన వరస సరైనదే. పెట్రోల్ వైపు ఇంకొక్క పరీక్ష ఉంది, ఇది ఇంటి దగ్గరే ఇంజను చల్లగా ఉన్నప్పుడు చేసుకోవచ్చు. కార్బరేటర్ దగ్గర పైపు పీకి ఖాళీ సీసాలో పెట్టి, ట్యాంకు మూత బిగించే ఉంచి ట్యాప్ తిప్పండి. ధార రెండు నిమిషాలు ఒకేలా రావాలి. మొదట బాగా వచ్చి తర్వాత సన్నబడి, మూత వదులు చేయగానే మళ్లీ పెరిగితే మూత రంధ్రం. మూత తీసినా సన్నగానే వస్తే ట్యాప్ పైన ట్యాంకులో ఉండే జల్లెడ. పాత ట్యాంకుల్లో తుప్పు ఎర్రటి బురదలా దానికి పట్టేస్తుంది. కార్బరేటర్ ఎన్నిసార్లు కడిగినా అది పోదు.

ఆ సీసాలో పెట్రోలును పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున విడిగా ఇంకో పొర కనబడితే నీళ్లు చేరినట్టే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నీళ్లు మరీ ఎక్కువైతే పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకి దిగుతుంది. వర్షాకాలంలో వారాల తరబడి సగం ట్యాంకుతో బండి నిలబెట్టేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. పాత రబ్బరు పైపు కూడా ఈ పెట్రోలుకి ఉబ్బి మెత్తబడుతుంది. దాన్ని మార్చేయడమే మంచిది.

సాలూరు_రోడ్డు:

ఇద్దరికీ ధన్యవాదాలు అన్నా. చెప్పినట్టే ఆగిన చోట చూశాను. మూత తీస్తే చప్పుడు లేదు. కిక్కు పొద్దున ఎంత గట్టిగా ఉందో అంతే ఉంది. ప్లగ్గు తడిగా, పెట్రోల్ వాసనతో వచ్చింది. రెండో ప్లగ్గు మీద సన్నటి పసుపు స్పార్క్, అదీ నాలుగింట ఒకటి తప్పుతోంది. పాయింట్ల దగ్గర మెరుపు పెద్దగా, తెల్లగా ఉంది. చల్లారాక చూస్తే అదే మెరుపు చిన్న చుక్కయిపోయింది! నేరుగా వైరు పెట్టినా తేడా రాలేదు. ఇంటి దగ్గర సీసా పరీక్షలో ధార బాగానే వచ్చింది, నీళ్లూ లేవు. పాయింట్ల మీద ఒక వైపు గుంట, ఎదుటి వైపు చిన్న బొడిపె కనబడుతున్నాయి.

నాగావళి_పాయింట్లు:

అయితే కండెన్సరే. మీరు చూసిన గుంట, బొడిపె దానికి సాక్ష్యం.

పాయింట్లు విడిన క్షణంలో కాయిల్లో కరెంటు టక్కున తెగాలి. అలా తెగితేనే రెండో చుట్టలో ప్లగ్గుకి సరిపడా వోల్టేజీ పుడుతుంది. కండెన్సర్ ఆ క్షణంలో కరెంటును తనలోకి తీసుకుని పాయింట్ల మధ్య నిప్పు రాకుండా ఆపుతుంది. అది పనిచేయకపోతే కరెంటు పాయింట్ల మీదుగా దూకుతూ నెమ్మదిగా తెగుతుంది, ప్లగ్గు దగ్గర బలం ఉండదు. బుల్లెట్‌లో కండెన్సర్ ఉండేది డిస్ట్రిబ్యూటర్ లోపల, సిలిండర్ వెనకే. వేడికి లోపలి అతుకు వదులుతుంది, చల్లారితే మళ్లీ అంటుకుంటుంది. ఘాట్లో తక్కువ స్పీడు, ఎక్కువ లోడు, తగిలే గాలి తక్కువ. అందుకే అక్కడ ముందు బయటపడింది.

కొత్తది కొనేటప్పుడు మీటరున్న ఎలక్ట్రికల్ షాపులో కొలిపించండి. 0.2 మైక్రోఫారడ్ దగ్గర చూపించాలి, 0.18 నుంచి 0.25 దాకా పరవాలేదు. షాపులో ఉన్న కొత్త సరుకంతా మంచిదని నమ్మొద్దు. నా సలహా అడిగితే కారు కండెన్సర్ ఒకటి తీసుకుని ట్యాంకు కింద, కాయిల్ పక్కన బిగించండి. దాని వైరు కాయిల్ నుంచి పాయింట్లకు వెళ్లే టెర్మినల్‌కి, దాని ఒళ్లు ఫ్రేముకి. బిగించే చోట పెయింటు గీకేసి ఇనుము బయటపడేలా చేయండి, లేకపోతే ఎర్తు అందదు. లోపలున్న పాతదాన్ని తీసేయాలి.

పాయింట్లు కూడా జతగా మార్చండి. గుంటపడినవాటిలో ఫీలర్ గేజి (ఖాళీ కొలిచే పలచటి రేకు) పెడితే బొడిపె మీద ఆనుతుంది, గుంటలో ఉన్న అసలు ఖాళీ ఇంకా ఎక్కువుంటుంది. కొత్తవి వేశాక క్యాం మీద పూర్తిగా విడిన చోట 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు పెట్టండి. హీలు (పాయింట్లలో క్యాం మీద ఆనే కొస) కింద అగ్గిపుల్ల మొనంత గ్రీజు చాలు. ఎక్కువైతే ఎగిరి పాయింట్ల మీద పడుతుంది, కొత్త పాయింట్లతోనే మళ్లీ మిస్ మొదలవుతుంది. ప్లగ్గు ఖాళీ 0.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంచండి.

గజపతినగరం_మెకానిక్:

పాయింట్ల ఖాళీ మారిందంటే టైమింగ్ (స్పార్క్ కొట్టే క్షణం) కూడా మారినట్టే, అది వదిలేయకండి బాబూ. ఖాళీ ముందు పెట్టాలి, టైమింగ్ తర్వాత. పిస్టన్ కంప్రెషన్ పైచుక్కకి (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటుకి) 0.8 మిల్లీమీటర్లు ముందున్నప్పుడు, అడ్వాన్స్ బరువులు (స్పీడు పెరిగేకొద్దీ టైమింగును ముందుకు జరిపేవి) పూర్తిగా ముడుచుకుని ఉండగా, పాయింట్లు అప్పుడే విడాలి. చిన్న 12 వోల్టుల బల్బు ఒక కాలు పాయింట్ల టెర్మినల్‌కి, ఇంకో కాలు ఎర్తుకి పెట్టి స్విచ్ వేయండి. బల్బు వెలిగిన క్షణమే పాయింట్లు విడిన క్షణం. తేడా ఉంటే క్లాంపు వదులు చేసి డిస్ట్రిబ్యూటర్ ఒంటిని కొద్దికొద్దిగా తిప్పండి. బరువుల స్ప్రింగులు సాగిపోయి ఉంటే స్లో ఎప్పటికీ కుదురుగా ఉండదు, ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి అవీ చూడండి.

ఆ పనిలోనే టాపెట్లు కూడా చూసుకోండి. ఇంజను పూర్తిగా చల్లగా ఉండాలి, రాత్రంతా నిలబెట్టి పొద్దున చేస్తే మేలు. పిస్టన్ కంప్రెషన్ పైన ఉన్నప్పుడు పుష్ రాడ్ రెండు వేళ్లతో సులువుగా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం కదలకూడదు. చప్పుడు పోవాలని బిగించేస్తే వేడెక్కాక వాల్వు తెరుచుకునే ఉండి కాలిపోతుంది.

కార్బరేటర్ ఆఖరున ముట్టండి. ఎయిర్ స్క్రూ లోపలిదాకా తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తీసి, ఇంజను బాగా వేడెక్కాక స్లో ఎక్కడ ఎక్కువగా, నిలకడగా ఉందో అక్కడ ఆపండి. ఈ ఇథనాల్ పెట్రోలుకి పాత సెట్టింగులో మిశ్రమం పలచబడుతుంది. కండెన్సర్ మార్చాక కూడా ఘాట్లో సగం ఆక్సిలరేటర్ దగ్గర తడబాటు మిగిలితే, కార్బరేటర్‌లో పెట్రోల్‌ను అదుపు చేసే నీడిల్ (సూది) క్లిప్ ఒక గాడి కిందికి దించండి. నీడిల్ పైకి లేచి పెట్రోల్ కొంచెం ఎక్కువ వస్తుంది. ఒక గాడి మార్చి, ఘాట్ ఎక్కించి, ప్లగ్గు రంగు చూశాకే రెండోది. ప్లగ్గు మొన లేత గోధుమ రంగులో ఉంటే అక్కడితో వదిలేయండి.