మనుషులకు ‘-ఎడ్’, వస్తువులకు ‘-ఇంగ్’: ఈ సూత్రం నేర్పవచ్చా?

కొత్త పంతులు:
తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నాను. ‘బోర్డ్’ (bored, విసిగిన), ‘బోరింగ్’ (boring, విసిగించే) లాంటి విశేషణాల దగ్గర గైడులో ఒకే ఒక్క ముక్క ఉంది: మనిషి గురించైతే -ఎడ్, వస్తువు గురించైతే -ఇంగ్. నిన్న ఒక అమ్మాయి లేచి, “మరి మనిషే విసిగిస్తే?” అంది. నాకు జవాబు తోచలేదు. ఈ సూత్రం ఉంచాలా, తీసేయాలా?

పాత చాక్‌పీసు:
ఉంచండి. ఏళ్ల తరబడి చెబుతున్నాను, పరీక్షలో ఖాళీలన్నీ దాదాపు దీనితోనే నిండుతాయి. ఈత నేర్పే మొదటి రోజే సుడిగుండాల గురించి ఉపన్యాసం ఇస్తామా?

అనువాదకురాలు:
తీసేయండి. నా మొదటి ఉద్యోగ దరఖాస్తులో ‘ఐ యామ్ ఇంట్రెస్టింగ్’ అని రాశాను. ఆసక్తి ఉందని చెప్పబోయి, నేనే ఎంతో ఆసక్తికరమైన మనిషినని చాటుకున్నాను!

పాత చాక్‌పీసు:
అమ్మా, నా సూత్రం తెలిసి ఉంటే మీకు ఆ తిప్పలు ఉండేవే కావు కదా.

అనువాదకురాలు:
దొరికిపోయాను, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ తప్పు ఎక్కడ పుట్టిందో చూడండి. తెలుగులో ‘నాకు విసుగ్గా ఉంది’ అంటాం, ‘పాఠం విసుగ్గా ఉంది’ అనీ అంటాం. మాట ఒకటే; ఎవరికి అన్నది ‘కు’ చూసుకుంటుంది. ఇంగ్లీషులో ఆ పని విశేషణం తోక మీద పడింది. పైగా ‘బోరు కొడుతోంది’లోని ‘-తోంది’ని బడిలో -ఇంగ్‌గానే నేర్చుకున్నాం. ఇక పిల్లవాడు ‘ఐ యామ్ బోరింగ్’ అనక ఏం చేస్తాడు? ‘బోర్డ్’ అనమంటే, ఇప్పటి విసుగుకు భూతకాలం ఎందుకని వాడికి సందేహం. మనిషా వస్తువా అన్న లెక్క దీన్ని తాకనే తాకదు. ‘సర్‌ప్రైజ్డ్ లుక్’ సంగతి ఏమిటి? చూపు మనిషి కాదుగా.

పుస్తకాల పురుగు:
మన క్రియల్లోనే తాళంచెవి ఉంది. భయపెట్టు, భయపడు. కంగారుపెట్టు, కంగారుపడు. ఇబ్బందిపెట్టు, ఇబ్బందిపడు. పెట్టేది -ఇంగ్, పడేది -ఎడ్. ఇక్కడ మనిషి, కుక్క, పాఠం అన్న తేడా లేదు. భయపెట్టే కుక్క ‘ఫ్రైటెనింగ్’, టపాకాయల మోతకు మంచం కింద దూరిన అదే కుక్క ‘ఫ్రైటెన్డ్’. మీ సూత్రం ప్రకారం రెండోది ఏమవుతుంది, చాక్‌పీసు గారూ?

పాత చాక్‌పీసు:
కుక్కకు మార్కులిచ్చాను. మరి ‘ఇంట్రెస్టింగ్’? ఆసక్తి పెట్టడం, ఆసక్తి పడడం అంటామా? ‘ఎస్కేప్డ్’ ఖైదీ? వాడిని ఎవరూ తప్పించలేదు, వాడే తప్పించుకున్నాడు. మీ చెవి అన్ని తాళాలకూ పట్టదు.

పుస్తకాల పురుగు:
పట్టదు. ఆసక్తి దగ్గర ‘కలిగించే’, ‘కలిగిన’ అనుకోవాలి. ఖైదీ లెక్క వేరు: అక్కడ -ఎడ్ పని అయిపోయిందని చెబుతుంది. మరిగిన నీళ్లు ‘బాయిల్డ్’, మరుగుతున్న నీళ్లు ‘బాయిలింగ్’ అన్నట్టు. మనసుకు సంబంధించిన మాటలను వీటితో కలిపి ఒకే పాఠంలో చెప్పకూడదు. అన్నిటికీ జంటలూ ఉండవు: ‘స్కేర్డ్’కు జోడీగా వాడేది ‘స్కేరీ’, ‘ఇంప్రెస్డ్’కు ‘ఇంప్రెసివ్’.

పాత చాక్‌పీసు:
అయినా మొదటి వారం నా సూత్రమే. రెండో వారం మీ కుక్కను పంపండి.

కొత్త పంతులు:
ఈరోజు కుక్కతోనే మొదలుపెట్టాను. తర్వాత ఆ అమ్మాయిని లేపి, టీచరు ‘బోర్డ్’, టీచరు ‘బోరింగ్’ అన్న రెండు మాటలూ తెలుగులో చెప్పమన్నాను. “మొదటిదానికి టీచరు విసిగిపోయారు” అని, ఆగి నావైపు చూసింది. “రెండోది చెప్పాలా సార్?”